మా బావ వేసిన ఉత్త ఫ్లాష్

పత్రికల్లో ఫొటోగ్రాఫర్ ఉద్యోగాలు తీసేస్తున్నారని తెలిసి మీలో కొందరు అయ్యో పాపం అంటున్నారట. ఎందుకండీ అయ్యో పాపం? నేనైతే ఎగిరి గంతేశాను. చక్రం కనిపెట్టిన తర్వాత మనుషులు చేసిన మంచి పని ఏదైనా ఉందీ అంటే, అది ప్రతి చేతిలోనూ ఒక కెమెరా ఫోన్ పెట్టడమే!

ఒక్కసారి ఆలోచించండి. పూర్వం ఊరు మొత్తానికీ ఇద్దరో ముగ్గురో పత్రికా ఫొటోగ్రాఫర్లు ఉండేవాళ్లు. ఎక్కడ ఏం జరిగినా వాళ్లు వచ్చి ఫ్లాష్ వెలిగించేదాకా అది జరిగినట్లు కాదు. ఇప్పుడా బాధ లేదు. రెండు స్కూటర్లు గుద్దుకుంటే పడ్డవాళ్లను లేపడానికి ఇద్దరు దొరక్కపోవచ్చు. పడ్డ తీరును నాలుగు వైపుల నుంచీ తీయడానికి మాత్రం నలభై మంది సిద్ధం. పడ్డవాడు కూడా దుమ్ము దులుపుకోకముందే "బాగా వచ్చానా?" అని అడుగుతున్నాడు. ఇంతకంటే అభివృద్ధి ఏం కావాలి?

మా పక్కింటాయన తినే ముందు కంచాన్ని ఫొటో తీస్తాడు. చల్లారిపోతోందని వాళ్లావిడ మొత్తుకుంటే "ఫొటోలో వేడిగానే ఉంది" అంటాడు. పైవాటాలో ఉండే జంట, పాప మొదటి అడుగు వేస్తుంటే చెరో ఫోన్ పట్టుకుని చెరో మూల నిలబడ్డారు. ఏ ఫోన్ వైపు నడవాలో తెలియక ఆ పిల్ల మధ్యలో కూలబడింది. ఆ కూలబడడం రెండు యాంగిల్స్‌లోనూ చక్కగా వచ్చింది. మన చిన్నప్పుడు ఉందా ఈ భాగ్యం? మనం పడ్డవన్నీ ఉత్తినే పడ్డాం!

నా సంగతే తీసుకోండి. నా ఫోన్‌లో పదకొండు వేల ఫొటోలున్నాయి. ఎనిమిది వేలు పొద్దున్నే చుట్టాలూ పక్కాలూ పంపే పువ్వులు. రెండు వేలు కాగితాల ఫొటోలు, ఏ కాగితమో నాకే తెలియదు. మిగిలినవాటిలో ఎక్కువ భాగం నా బొటనవేలు. ఒక్కటీ మళ్లీ తెరిచి చూసిన పాపాన పోలేదు. చూడాల్సిన అవసరం ఏముంది? ఉన్నాయన్న ధీమా చాలదూ?

ఏదో రాయడానికి రాస్తున్నాననుకునేరు. నాకు ఇందులో సొంత అనుభవం ఉంది. మా అక్కయ్య మొగుడు పత్రికా ఫొటోగ్రాఫర్. మా పత్రికలోనే. నేను డెస్కులో, అంటే వచ్చిన వార్తలను కత్తిరించి, ఫొటోలను కురచ చేసి, పేజీలో ఇరికించే గదిలో పనిచేస్తాను. ఆయన తీయడం, నేను కోయడం. ముప్ఫై ఒక్క ఏళ్లు ఇలాగే సాఫీగా గడిచాయి.

ఆయన ఉద్యోగంలో చేరినప్పుడు రీళ్లు ఉండేవి. రీలుకు ముప్ఫై ఆరు ఫొటోలు. వారానికి రెండు రీళ్లు. ఆ రెండూ మా స్టోర్స్ గుమస్తా చేతిలోంచి రావాలి. ఆయన బీరువా తాళం తీసి, రీలు బయటికి తీసి, తన సొంత పన్ను పీకి ఇస్తున్నట్లు ముఖం పెట్టి ఇచ్చేవాడు. శనివారం నాడు కడిగిన నెగెటివ్‌లను కిటికీకి ఎదురుగా పట్టుకుని, "ఈ మనిషివి రెండెందుకు తీశావ్? ఒక దాంట్లో కళ్లు మూస్తే మూశాడు, నిద్రపోయాడని రాసుకోవచ్చుగా" అని నిలదీసేవాడు.

ఇక్కడ ఇలా ఉంటే, బయట సభల్లో వేరే చిక్కు. ఏ సంఘానికైనా ఒక్కడే అధ్యక్షుడు ఉంటాడు. ఉపాధ్యక్షులు మాత్రం ఏడుగురు! ఏడుగురికీ విడివిడిగా ఫొటో కావాలి. తీయనంటే పళ్లు నూరతారు. తీస్తే గుమస్తా నూరతాడు. అప్పుడు మా బావకు ఆ వృత్తిలో తరతరాలుగా పెద్దలు చిన్నవాళ్లకు చెవిలో చెబుతూ వచ్చిన రహస్యం తెలిసింది. దాని పేరు ఉత్త ఫ్లాష్.

ఫ్లాష్ వెనకాల ఒక చిన్న బొత్తం ఉంటుంది. వెలుగుతోందో లేదో చూసుకోవడానికి పెట్టింది. కెమెరా కంటికి ఆనించి, బొటనవేలితో ఆ బొత్తం నొక్కితే చాలు. ఫెళ్లున వెలుగు వస్తుంది. లోపల రీలు కదలదు, ఫొటో పడదు. ఎదురుగా ఉన్నవాడికి ఆ తేడా తెలియదు. ఏడుగురు ఉపాధ్యక్షులూ ఏడు మెరుపుల్లో మెరిసి, సంతోషంగా ఇళ్లకు వెళ్లేవాళ్లు.

మరి మర్నాడు పేపర్లో ఫొటో లేదేం అని అడిగితే? దానికీ సమాధానం సిద్ధం.

"నేను బ్రహ్మాండంగా తీశానండీ! స్థలం లేక డెస్కువాళ్లు తీసేశారు."

డెస్కువాళ్లంటే నేను! ఊళ్లో ఉన్న సంఘాలన్నిటి ఉపాధ్యక్షుల ఉసురూ నాకు తగిలింది. నేను అద్దెకున్న ఇంటి యజమాని కూడా ఒక ఉపాధ్యక్షుడేనని ఇల్లు ఖాళీ చేయమన్న రోజున తెలిసింది. "నా ముఖానికి మీ పేజీలో చోటు లేనప్పుడు, మీ సామానుకు నా ఇంట్లో చోటెక్కడిది?" అన్నాడు. సామాను రిక్షాలోకి ఎక్కించడానికి మా బావే వచ్చి సాయం పట్టాడు. ఏమాటకామాటే చెప్పుకోవాలి.

ఇలాంటి మోసాలకు తెర దించిన మహానుభావుడు ఎవరు? ఫోన్! ఇప్పుడు ఫొటో తీసిన మరుక్షణం "ఏదీ, చూపించు" అంటారు. ఉత్త ఫ్లాష్ అన్న మాటకు తావే లేదు. అందుకే ఫోన్ వరమని నేను గుండెమీద చెయ్యి వేసుకుని చెబుతున్నాను. ఆ ఫోన్ ముందే వచ్చి ఉంటే, మా బావ ఇరవై ఆరేళ్లు ఒక మనిషికి ముఖం చాటేసి తిరిగే గతి పట్టేది కాదు.

ఆ కథ కూడా చెబుతాను. అప్పట్లో ఊరికి కొత్త పంపుహౌస్ కట్టారు. ప్రారంభానికి మంత్రిగారు వచ్చారు. వేదిక మీద ఎర్రటి బొత్తం ఒకటి అమర్చారు. మంత్రిగారు నొక్కగానే పంపు తిరిగి నీళ్లు ఎగజిమ్మాలన్నమాట. అయితే ఆ బొత్తానికి తీగ కలపడం కాంట్రాక్టరు మర్చిపోయాడు. మంత్రిగారి కారు గేటు దగ్గరికి వచ్చేదాకా ఆ సంగతి ఎవరూ చూసుకోలేదు. ఇంజనీరుకు కాళ్లూ చేతులూ ఆడలేదు.

అప్పుడు పంపు నడిపే ఆపరేటరు నెమ్మదిగా అన్నాడు. "మీరేం కంగారు పడకండి సార్. ఆయన్ని నొక్కనివ్వండి. నేను వెనక తలుపు సందులోంచి చూస్తుంటా."

మంత్రిగారు ముందు బొత్తం నొక్కారు. వెనక ఆపరేటరు స్టార్టరు పిడి లాగాడు. నీళ్లు ఎగిసిపడ్డాయి. చప్పట్లు మారుమోగాయి. మంత్రిగారు తన వేలి వైపు తానే మెచ్చుకోలుగా చూసుకున్నారు. అసలు సంగతి చూసింది ఇంజనీరూ, పక్కనే కెమెరాతో ఉన్న మా బావా, ఇద్దరే.

జనం వెళ్లిపోయారు. మా బావ సంచీ సర్దుకుంటున్నాడు. రీల్లో ఇంకా రెండే మిగిలాయి. స్కూలు పిల్లల పరుగు పందేలకు వెళ్లాలి. అప్పుడు ఆపరేటరు లోపల్నుంచి గుడ్డతో చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"సార్, వీలైతే నాదొకటి తీస్తారా? యంత్రం పక్కన."

అంతవరకు ఆ మనిషి ఎవర్నీ ఏదీ అడిగి ఎరగడని చూస్తేనే తెలుస్తోందట. మా బావ సంచీ కింద పెట్టి లోపలికి వెళ్లాడు. ఆయన్ని నీడలోంచి కిటికీ వెలుగులోకి జరిపాడు. మడత పడిన కాలరు సరిచేశాడు. గడ్డం కొంచెం పైకెత్తమన్నాడు. ఆయన ఇనప చక్రం మీద చెయ్యి వేసి, ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. మా బావ కెమెరా కంటికి ఆనించాడు. ఫెళ్లున వెలిగింది.

ఉత్త ఫ్లాష్!

"తీద్దామనే అనుకున్నానురా" అని మా బావ ఆ సాయంత్రం నాతో చెప్పుకుని తల పట్టుకున్నాడు. "ఆ రోజు పొద్దుట్నుంచీ పాతికమంది ఉపాధ్యక్షులకు కొట్టీ కొట్టీ, బొటనవేలు దానంతటదే వెళ్లిపోయింది."

"మళ్లీ తీయకపోయావా బావా?"

"ఎలా తీస్తాను? నేను కెమెరా దించేలోపే ఆయన నూనె చేత్తో నా చెయ్యి పట్టుకుని ఊపేస్తున్నాడు. చాలా సంతోషం సార్ అంటున్నాడు. ఇంకోటి తీస్తానంటే, మొదటిది ఉత్తదని నేనే ఒప్పుకున్నట్లు కాదూ?"

మర్నాడు మంత్రిగారి ఫొటో మొదటి పేజీలో వచ్చింది. మంత్రిగారి వెనకాల, తలుపు సందులో, ఎవరిదో మోచెయ్యి ఒకటి పడింది. పేజీ శుభ్రంగా కనిపించాలి కదా! దాన్ని నేనే కత్తిరించాను.

ఆ తర్వాత మొదలైంది మా బావ అవస్థ. స్కూటరు మీద పంపుహౌస్ ముందు నుంచి వెళ్తే చాలు, ఆయన గేటు దగ్గరికి వచ్చి చెయ్యి ఊపేవాడు.

"సార్, నా ఫొటో క్షేమమేనా?"

"క్షేమం, క్షేమం! ఆఫీసులో భద్రంగా ఉంది."

"ఉండనివ్వండి సార్. అక్కడుంటేనే మంచిది."

ఒక్కనాడూ కాపీ ఇమ్మనలేదు. పేపర్లో ఎందుకు వేయలేదని అడగలేదు. అడిగి పీకల మీద కూర్చునే మనిషినైతే నాలుగు తిట్టి వదిలించుకోవచ్చు. క్షేమం అడిగే మనిషిని ఏం చేస్తారు? మా బావ ఆ దారి మానేసి, రైలుగేటు వైపు నుంచి చుట్టూ తిరిగి రావడం మొదలుపెట్టాడు. పాల ప్యాకెట్టు కోసం వెళ్లి ముప్పావు గంటకు వచ్చేవాడు. "పాలు తెస్తున్నారా, గేదెను తెస్తున్నారా?" అని మా అక్కయ్య గుమ్మంలోనే దులిపేసేది.

రీళ్లు పోయాయి. డిజిటల్ కెమెరాలు వచ్చాయి. ఆ తర్వాత మన కథానాయకుడు ఫోన్ వచ్చాడు. మా యాజమాన్యం ఒక చల్లటి ఉత్తరం రాసింది. రిపోర్టర్లందరి దగ్గరా మంచి ఫోన్లు ఉన్నందువల్ల, మా బావ రిటైరయ్యాక ఆ ఉద్యోగంలోకి ఇంకెవర్నీ తీసుకోవడం లేదని దాని సారాంశం. ఎంత పొదుపు! ఎంత ముందుచూపు!

పోయిన శనివారం సాయంత్రం ఆఫీసు హాల్లో వీడ్కోలు సభ పెట్టారు. టీ, బిస్కెట్లు, మీద కెమెరా బొమ్మ వేసిన కేకు. నలభై మంది సిబ్బంది, నలభై ఫోన్లు. కెమెరాను ఆయన పొద్దున్నే స్టోర్స్ గుమస్తాకు అప్పగించి సంతకం పెట్టేశాడు. ఇన్నేళ్లలో మొదటిసారి మెడ ఖాళీగా ఉండేసరికి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కేకు కత్తి పట్టుకుని నిలబడ్డాడు. ఎడిటరుగారు "ఆయన కన్ను మన పత్రిక కన్ను" అని తన ఫోన్ చూస్తూ ప్రసంగించారు.

సరిగ్గా అప్పుడు గుమ్మంలో ఒక పెద్దాయన కనిపించాడు. డెబ్బై దాటి ఉంటాయి. చేతికర్ర, ఇస్త్రీ చొక్కా, మెడదాకా పెట్టుకున్న గుండీలు.

మా బావ ముఖం పాలిపోయింది. నా మోచెయ్యి గట్టిగా పట్టుకుని, "ఒరేయ్, వచ్చేశాడురా" అన్నాడు.

పెద్దాయన తిన్నగా వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. "మీరు వెళ్లిపోతున్నారటగా సార్. మరి నా ఫొటో ఎక్కడుంటుంది?"

నేను డెస్కు మనిషిని కదా, సమయానికి తగిన మాట నా నాలుక చివరే ఉంటుంది. "పాత నెగెటివ్‌లు చెదలు తినేశాయని చెప్పెయ్ బావా" అని చెవిలో ఊదాను. ఆయన వినలేదు. కత్తి బల్ల మీద పెట్టేశాడు.

"పెద్దాయనా, మీ ఫొటో లేదండీ. పోవడం కాదు, అసలు లేదు. ఆ రోజు నేను వేసింది ఉత్త ఫ్లాష్. ఇన్నేళ్లూ మీకు అబద్ధం చెప్పాను."

నలభై మంది ముందు ఆ మాట అనడానికి ఆయనకు ఎంత కష్టమైందో నాకు తెలుసు. సిగ్గుతో చెవులు ఎర్రబడ్డాయి. పెద్దాయన మాత్రం నవ్వాడు.

"అది నాకు ఆ రోజే తెలుసు బాబూ."

"ఎలా?"

"ముప్ఫై ఏళ్లు యంత్రాల మధ్య బతికినవాణ్ని. వెలుగు వచ్చింది గానీ లోపల టక్కుమనలేదు. ఏదీ తిరగలేదు. అంతకు అరగంట ముందేగా, మంత్రిగారు తీగ లేని బొత్తం నొక్కారు! ఆ మాత్రం పోల్చుకోలేనా?"

"మరి కనపడినప్పుడల్లా క్షేమమేనా అని ఎందుకు అడిగారండీ?"

"మీ ముఖం చూద్దామని!" అని పెద్దాయన కర్ర ఊపుతూ నవ్వాడు. "పాపం, ఎంత కంగారు పడేవారో. రైలుగేటు వైపు నుంచి చుట్టూ తిరిగి వెళ్లేవారు. అదీ చూశాను."

హాలంతా గొల్లుమంది. మా బావ కూడా నవ్వబోయాడు, నవ్వు రాలేదు. అప్పుడు పెద్దాయన గొంతు తగ్గించి అన్నాడు. "ఆ రోజు అంతమంది వచ్చారా, పంపు దగ్గరికి ఒక్కరూ రాలేదు. మీరొచ్చారు. నా కాలరు సరిచేశారు. నన్ను వెలుగులో నిలబెట్టి చూశారు. రీలు అయిపోయిందేమోలే అనుకుని సరిపెట్టుకున్నా. ఇప్పుడు మీరు వెళ్లిపోతే ఇంక అడగడానికి మనిషి ఉండడుగా? అందుకని ఇవాళ నిజంది ఒకటి తీయించుకుందామని వచ్చా."

ఆ మాట పూర్తికాకముందే నలభై ఫోన్లు లేచాయి. "మేం తీస్తాం! మేం తీస్తాం!"

"మీరు కాదు. ఆయన తీయాలి" అన్నాడు పెద్దాయన.

నా ఫోన్ మా బావ చేతిలో పెట్టాను. ఖాళీ లేదంది. పువ్వులు కొన్ని తుడిచేసి మళ్లీ ఇచ్చాను. ఆయన నొక్కాడు. క్లిక్ మంది. పెద్దాయన తల పక్కకు వంచి విని, పెదవి విరిచాడు.

"ఇది ఎవరో రికార్డు చేసి పెట్టిన చప్పుడు బాబూ. ఇందులోనూ ఏదీ తిరగలేదు."

మా బావ స్టోర్స్ గుమస్తా వైపు చూశాడు. గుమస్తా బిస్కెట్టు నములుతూ, "అప్పగించేశావు. సంతకం కూడా అయిపోయింది" అన్నాడు. నలభై మందీ ఆయన వైపే చూశారు. ఆయన నిట్టూర్చి, జేబులోంచి తాళాలు తీశాడు. కెమెరా తెచ్చి ఇస్తూ ఒక వేలు చూపించాడు. వేల ఫొటోలు పట్టే కార్డు ఉంది అందులో!

"ఒకటి. ఒక్కటంటే ఒక్కటే!"

మా బావ పెద్దాయన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లాడు. కాలరు సరిగానే ఉన్నా మళ్లీ సరిచేశాడు. పట్టుకోవడానికి చక్రం లేక ఆయన కిటికీ ఊచ పట్టుకున్నాడు. ఇద్దరూ ఊపిరి బిగబట్టారు. కెమెరా లోపల టక్కుమంది.

"ఆఁ, తిరిగింది" అన్నాడు పెద్దాయన.

మా బావ కెమెరా దించలేదు. దాని వెనకాల ముఖం పెట్టుకుని ఏడ్చాడు. నేనూ ఏడ్చాను, దాచడానికేముంది? గుమస్తా అటు తిరిగి గోడ గడియారం చూశాడు.

అంతా బాగానే ఉంది. ఆదివారం పొద్దున్నే మా అక్కయ్య ఫోన్ చేసింది. ఆవిడ ఆసుపత్రిలో నర్సు, డ్యూటీ ఉండి సభకు రాలేకపోయింది.

"ఒరేయ్, మీ బావది నిన్నటి ఫొటో ఒక్కటి పంపరా. హాల్లో పెట్టుకుందాం."

ఒక్కటేం ఖర్మ? నలభై ఫోన్లు! ఆఫీసు గ్రూపులో అడిగాను. అరగంటలో రెండు వందల పన్నెండు ఫొటోలు వచ్చిపడ్డాయి. వాళ్లింటికి వెళ్లి, అక్కయ్యా నేనూ పక్కపక్కన కూర్చుని చూశాం. ప్రతిదాంట్లోనూ తీసినవాళ్ల ముఖం నిండుగా ఉంది, పళ్లతో సహా. వెనకాల ఒకదాంట్లో మా బావ భుజం ఉంది. ఒకదాంట్లో చెవి. కేకు మాత్రం అన్ని వైపుల నుంచీ వచ్చింది. పెద్దాయన ముందు నిలబడి నిజం చెప్పినప్పటి ముఖం ఒక్కరి దగ్గరా లేదు. పక్కవాడు తీస్తున్నాడులే అని ప్రతివాడూ అనుకున్నాడట.

అక్కయ్య చివరిదాకా చూసి ఫోన్ నా ఒళ్లో పడేసింది. "నలభై మందీ కొట్టింది ఉత్త ఫ్లాషేనట్రా?" అంది. నాకు ఒళ్లు మండింది.

అయినా సరే, ఫోన్ వరమేనని నా వాదన. మాట మార్చే అలవాటు నాకు లేదు. ఇంతకీ మీకో శుభవార్త. పెద్దాయన ఫొటో చాలా బాగా వచ్చింది. ఊచ పట్టుకున్న చెయ్యి, పైకెత్తిన గడ్డం, ఆ టక్కు కోసం చెవి ఒగ్గి ఉన్న ముఖం. ఒక కాపీ ఆయన ఇంటికి చేరింది. ఇంకొకటి ఈ వ్యాసం పక్కన, మూడు కాలమ్‌ల వెడల్పున, మోచెయ్యి కూడా కత్తిరించకుండా, కింద మా బావ పేరుతో వేయాలని పట్టుబట్టి నా చేతులతో నేనే పేజీలో పెట్టాను. మధ్యాహ్నం నాలుగింటికి పెట్టాను. అయిదింటికి ప్రకటనల విభాగం నుంచి కొత్త ఫోన్ ప్రకటన ఒకటి దిగింది, సరిగ్గా మూడు కాలమ్‌ల వెడల్పు. "ఏ ఒక్క క్షణాన్నీ వదులుకోకండి" అని ఉంటుంది చూడండి, అదే.

ఫొటో ఏదీ అని వెతుకుతున్నారా? కంగారు పడకండి, క్షేమంగానే ఉంది. ఆఫీసులో భద్రంగా ఉంది. స్థలం లేక డెస్కువాళ్లు తీసేశారు.